మసక తెర తుక్కు కాదు: పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



నేను నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. అర్జీ ఏదైనా ఉంటే సోమవారం మీ ఆఫీసుకొచ్చి వరసలో నిలబడి ఇవ్వొచ్చు. కాకపోతే ఇది మీతోపాటు బడి హెడ్మాస్టర్లూ, లైబ్రేరియన్లూ, సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లూ కూడా చదవాల్సిన అర్జీ. అందుకని అచ్చులోకి తెస్తున్నాను. ఇందులో నా వ్యాపారానికి కలిసొచ్చే ముక్క ఒక్కటీ లేదని ముందే మనవి చేస్తున్నాను. నేను చెప్పేది జరిగితే నా కొట్టుకు బేరం తగ్గుతుంది.

అడిగేది ఒకటే. లినక్స్ వేసిన కంప్యూటర్‌లో తెర మసగ్గా ఉందనో, బొమ్మ సాగిందనో కారణం చూపించి ఆ కంప్యూటర్ని కండెమ్ చేయనివ్వకండి.

నా దగ్గరికి ఇలాంటివి వచ్చే తీరు చెబుతాను. ఆటోలో ఒక సీపీయూ, మానిటరూ దిగుతాయి. తెచ్చినాయన, "బొమ్మ అడ్డంగా సాగిందండీ, అచ్చరాలు అలుక్కుపోయినయ్, వత్తులు కనపడ్డంలా. ఇంక లేవదని ఒక కాయితం రాసియ్యండి, స్టాకు రిజిస్టర్లో కొట్టేసుకుంటాం" అంటాడు. ఆయన అడుగుతున్నది రిపేరు కాదు, మరణ ధ్రువపత్రం. బల్ల మీద పెట్టి చూస్తే సీపీయూ శుభ్రంగా ఉంటుంది, మానిటరూ శుభ్రంగానే ఉంటుంది. ఆ రెంటికీ మధ్యనే మాట కుదరలేదు. ఏ బడి, ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం. తెచ్చినవాళ్ల తప్పూ లేదు, ఎందుకంటే వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవాటినే అది ఒప్పుకుంటుంది. మన బడుల్లో, ఆఫీసుల్లో ఉన్న పాతవాటికి ఆ యోగం లేదు. వాటికి మిగిలిన దార్లు రెండే: తుక్కులోకి పోవడం, లేదా లినక్స్ వేసుకోవడం. ఊబుంటూ గానీ, మింట్ గానీ, చెన్నై సీడాక్ వాళ్లు 2007 నుంచి తెస్తున్న మన దేశపు బాస్ గానీ వేస్తే ఆ యంత్రాలు ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. ప్రభుత్వ ఈ-పాలనలో ఓపెన్ సోర్స్‌కే ముందు అవకాశం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం కూడా ప్రకటించింది. అయితే జరిగేదేమిటంటే, ఎవరో కుర్రాడు ఉత్సాహంగా లినక్స్ వేసి వెళ్తాడు. మర్నాడు తెర 1024 దగ్గర బిగుసుకుని కూర్చుంటుంది. 'లినక్స్ మనకు అచ్చిరాదు' అని ఆఫీసంతా తీర్మానించేస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇక్కడే మొదలవుతోంది.

ఎల్‌సీడీ తెర అంటే చుక్కల గళ్ల పలక. 18.5 అంగుళాల మానిటర్లలో చాలావాటికి అడ్డంగా 1366 గళ్లు, నిలువుగా 768. 21.5 అంగుళాలదైతే 1920, 1080. పాత చదరపు 17 అంగుళాల వాటికి 1280, 1024. ఒకప్పటి బండ గాజు మానిటర్లు ఏ లెక్క పంపినా సర్దుకునేవి. ఎల్‌సీడీకి ఆ సర్దుబాటు చేతకాదు. తన గళ్ల లెక్క ఏదో అదే పంపితే నిక్కచ్చిగా చూపిస్తుంది, ఇంకేది పంపినా సాగదీసి చూపిస్తుంది. 1366, 768 గళ్ల తెరకు 1024, 768 పంపారనుకోండి, నిలువు సరిపోతుంది, అడ్డం మాత్రం మూడో వంతు సాగుతుంది. సున్నా కోడిగుడ్డవుతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ సాగుడును కాస్త ఓర్చుకుంటుంది. మనది ఓర్చుకోలేదు. ధకీ థకీ తేడా కడుపులో ఉన్న ఒక్క చుక్క, ఆ చుక్కే అలుక్కుపోతుంది. అడంగల్‌లోనో, 1బీలోనో ఆసామి పేరూ, సర్వే నంబరు కింద సబ్‌డివిజన్ అంకే ఇలా మసగ్గా చూసి టైపు చేస్తే ఏమవుతుందో రెవెన్యూ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మరి కంప్యూటర్‌కి తెర గళ్ల లెక్క ఎలా తెలుస్తుంది? మానిటరే చెబుతుంది. దాని కడుపులో ఒక చిన్న చిప్పు ఉంటుంది. తయారుచేసిన కంపెనీ ఏది, ఏ సంవత్సరపుది, తెర ఎన్ని సెంటీమీటర్లు, సొంత రిజల్యూషన్ (అంటే గళ్ల లెక్క) ఎంత అన్నదంతా 128 బైట్లలో రాసి అందులో పెడతారు. ఈడీఐడీ అంటారు దాన్ని. వెసా అనే ప్రమాణాల సంస్థ 1994లో ఈ పద్ధతి తెచ్చింది. నీలం మూతి వీజీఏ కేబుల్‌లో 15 పిన్నుల చోట్లుంటాయి. బొమ్మను మోసేవి 1, 2, 3 పిన్నులు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈడీఐడీని మోసేవి 12, 15. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. 12వ పిన్ను వంగినా, చవక కేబుల్‌లో ఆ తీగ అసలు వేయకపోయినా బొమ్మ మాత్రం వస్తూనే ఉంటుంది. బొమ్మ వస్తోంది కాబట్టి కేబుల్ బాగుందని అందరూ అనుకుంటారు. లినక్స్‌కు మాత్రం ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. తెలియనప్పుడు తెరకు హాని లేని లెక్క ఏదో అదే ఇస్తుంది. మామూలుగా అది 1024, 768. ఒక్కోసారి 800, 600 కూడా. అది చెడిపోవడం కాదు, జాగ్రత్తపడటం.

కాబట్టి మొదటి పని కేబుల్ మార్చి చూడటం. పక్క కంప్యూటర్ది పీకి దీనికి పెట్టి, మళ్లీ స్టార్ట్ చేయాలి. తెర నిండుగా, నిక్కచ్చిగా వస్తే కథ అయిపోయింది. కొత్త కేబుల్ రెండొందల లోపు వస్తుంది. మానిటర్‌కీ, సీపీయూకీ మధ్య స్ప్లిటరో, స్విచ్చో, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టరో ఉంటే దాన్ని తీసేసి నేరుగా కలిపి చూడాలి. ఈడీఐడీని మధ్యలో మింగేయడంలో ఆ బుడ్డి సామాన్లు ఆరితేరినవి. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు నుంచి వచ్చేవాటి మూతుల్లో సున్నపు దుమ్మో, సిమెంటు దుమ్మో పేరుకుని ఉంటుంది, దాన్ని పొడి బ్రష్షుతో దులిపి, మరలు బిగించాలి. మరలు బిగించని వీజీఏ మూతి బల్ల కదిలినప్పుడల్లా ఒక పక్కకు వాలుతూ ఉంటుంది.

తొమ్మిదో పిన్ను చోట ఖాళీ కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. చాలా కేబుళ్లకు అది పుట్టుకతోనే ఉండదు. ఆ పిన్ను పని సీపీయూ నుంచి చిప్పుకు 5 వోల్టులు పంపడం. అది లేని కేబుల్‌తో మానిటర్ ఆఫ్‌లో ఉండగా సీపీయూని ముందు లేపితే, చిప్పు నిద్రలో ఉంటుంది, లినక్స్ అడిగినదానికి జవాబు రాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తెర మారిపోతోందని ఫిర్యాదు చేసేవాళ్లలో కొందరి జబ్బు ఇదే. ముందు మానిటర్, తర్వాత సీపీయూ. రెంటచింతల ఎండలకు కరెంటు ఎన్నిసార్లు పోయినా ఈ వరస తప్పకపోతే చాలు.

కేబుల్ మార్చినా కుదరకపోతే అప్పుడు లినక్స్‌నే అడగాలి. టెర్మినల్ తెరిచి ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్ అనే ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఒక పట్టిక వస్తుంది. వీజీఏ-1 అనో హెచ్‌డీఎంఐ-1 అనో పేరు, దాని కింద సైజులు. ఇప్పుడు నడుస్తున్నదాని పక్కన నక్షత్రం, మానిటర్ తన సొంతమని చెప్పుకున్నదాని పక్కన కూడిక గుర్తు ఉంటాయి. రెండు గుర్తులూ ఒకే వరసలో ఉంటే అంతా సవ్యం. కూడిక ఒక చోట, నక్షత్రం ఇంకో చోట ఉంటే ఎవరో సెట్టింగ్స్‌లో చెయ్యి పెట్టారన్నమాట. డిస్‌ప్లే పేజీలోకెళ్లి సరైన సైజు ఎంచుకుంటే సరిపోతుంది. కూడిక గుర్తే లేకపోతే ఈడీఐడీ రాలేదు. వీజీఏ, హెచ్‌డీఎంఐ అనే పేర్లకు బదులు 'డిఫాల్ట్' అని ఉంటే మాత్రం తప్పు కేబుల్‌ది కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్ది.

ఆ డ్రైవర్ గొడవ మన దగ్గర నేను తరచూ చూసేది. లినక్స్ వేసేటప్పుడు తెర నల్లగా వస్తే కుర్రాళ్లు 'సేఫ్ గ్రాఫిక్స్' అనే వరస ఎంచుకుంటారు. అది 'నోమోడ్‌సెట్' అనే ఒక మాటను బూటింగ్‌లో చేరుస్తుంది. గ్రాఫిక్స్ చిప్పును ముట్టుకోవద్దని దాని అర్థం. లినక్స్ ఎక్కించేదాకా ఆ మాట అవసరమే, ఎక్కాక తీసేయాలి. తీయకుండా వెళ్లిపోతారు. ఇక ఆ కంప్యూటర్ ఎన్నాళ్లయినా చిన్న రిజల్యూషన్‌లోనే, బొమ్మలన్నీ ప్రాసెసర్ చేత గీయించుకుంటూ, ఆయాసపడుతూ నడుస్తుంది. సెట్టింగ్స్‌లో 'అబౌట్' పేజీ తెరిస్తే గ్రాఫిక్స్ అన్నచోట 'ఎల్ఎల్‌వీఎమ్‌పైప్' అని కనిపిస్తే ఈ అనుమానం పడొచ్చు. బూటింగ్ సెట్టింగులుండే గ్రబ్ ఫైలులో ఆ ఒక్క మాట చెరిపి, అప్‌డేట్ గ్రబ్ ఆదేశం ఇచ్చి మళ్లీ స్టార్ట్ చేస్తే, స్లో అని తిట్టించుకున్న కంప్యూటరే వేగం కూడా పుంజుకుంటుంది.

ఈడీఐడీ ఎంతకీ రాని పాత మానిటర్లు కొన్ని ఉంటాయి. చిప్పే పోయినవి. వాటికి లెక్క మనమే చెప్పాలి. సీవీటీ అనే ఆదేశానికి అడ్డం, నిలువు, సెకనుకు 60 సార్లు అని ఇస్తే ఒక పొడవాటి వరస తయారుచేసి ఇస్తుంది. దాన్ని ఇందాకటి ఆరక్షరాల ఆదేశంతో కొత్త మోడ్‌గా నమోదు చేసి, పట్టికలోని వీజీఏ-1 లాంటి పేరుకు జత చేసి, అమలు చేయమనాలి. 1366 అని అడిగితే సీవీటీ 1368 అని ఇస్తుంది, బెదిరిపోవద్దు. ఎనిమిదితో నిశ్శేషంగా భాగింపబడే లెక్కే దానికి కావాలి, 1366 అలా భాగింపబడదు. రెండు చుక్కల తేడా కంటికి ఆనదు. లెక్క మరీ తప్పయి, తెర మీద 'అవుట్ ఆఫ్ రేంజ్' అని వచ్చినా ఏమీ కాలిపోదు. ఇలా ఇచ్చిన ఆదేశం రీస్టార్ట్ చేస్తే ఎగిరిపోతుంది, పాత తెర తిరిగొస్తుంది. ఈ ఎగిరిపోవడమే ఇంకో తలనొప్పి. రోజూ పొద్దున అదే పని మళ్లీ చేయాల్సి వస్తోందని విసుక్కుంటారు. ఆ ఆదేశాలను లాగిన్ కాగానే వాటంతటవే నడిచే స్టార్టప్ జాబితాలో పెడితే ఆ బాధ ఉండదు. కొత్త ఊబుంటూలు వేలాండ్ అనే పద్ధతి మీద నడుస్తాయి. వాటిలో ఈ మంత్రం పారదు, పట్టికలోనే 'ఎక్స్‌వేలాండ్' అని చెబుతుంది. అక్కడ బూటింగ్ వరసలోనే రిజల్యూషన్ రాయాలి. పాత యంత్రాలకైతే నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న లినక్సే వేస్తాను. తేలిగ్గా నడుస్తుంది, ఈ ఆదేశాలకూ లొంగుతుంది.

ఇంతవరకూ యంత్రాల సంగతి. ఇంకో కారణం మనుషులది, దాన్ని విసుక్కోకుండా వినాలి. యాభై దాటిన మాస్టార్లకు 1920 తెర మీద అక్షరాలు చీమల బారులా ఉంటాయి. పక్కనున్న కుర్రాడు రిజల్యూషన్ 1024కి దించేస్తాడు. అక్షరాలు పెద్దవవుతాయి, కానీ మసకబారతాయి. ఆ మసకకు కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ఆయన కళ్లజోడు మార్పించుకుంటారు. ఆ మీదట కంప్యూటర్‌ను పక్కన పెడతారు. చేయాల్సింది రిజల్యూషన్ ముట్టుకోకుండా అక్షరాల సైజు పెంచడం. ఊబుంటూలో యాక్సెసిబిలిటీ పేజీలో 'లార్జ్ టెక్స్ట్' అని మీట ఉంది, నొక్కితే చాలు. మింట్‌లో ఫాంట్ల పేజీలో టెక్స్ట్ స్కేలింగ్ 1.0 ఉన్నదాన్ని 1.2కో 1.3కో జరపాలి. బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ సరేసరి. అప్పుడు అక్షరం పెద్దదీ అవుతుంది, నిక్కచ్చిగానూ ఉంటుంది. పెద్ద వయసువాళ్లు కూర్చునే ప్రతి కంప్యూటర్‌లో ఈ పని ముందే చేసి అప్పగించాలన్నది నా గట్టి అభిప్రాయం. అడిగి చేయించుకోవడానికి వాళ్లకు మొహమాటం.

నాడు-నేడు పథకం కింద బడులకు వచ్చిన పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్లకు లినక్స్ కంప్యూటర్ కలిపినప్పుడు ఇంకో వింత ఎదురవుతుంది. మానిటర్లోనూ ప్యానెల్లోనూ ఒకే బొమ్మ రావాలని 'మిర్రర్' ఎంచుకుంటే, రెండూ ఒప్పుకునే లెక్కకు రెండూ దిగిపోతాయి. ప్యానెల్ బదులు 1024 పాత ప్రొజెక్టర్ కలిపితే మానిటరూ 1024కి దిగుతుంది. ప్రొజెక్టర్ పీకేశాక కూడా మానిటర్ అక్కడే ఉండిపోతే అది పాడైందనుకుంటారు. డిస్‌ప్లే పేజీలో మిర్రర్ తీసేస్తే సరి. టీవీకి కలిపినప్పుడు అంచులు తెగి, కింద పట్టీ కనపడకపోతే సరిచేయాల్సింది లినక్స్‌లో కాదు, టీవీ మెనూలో. 'స్క్రీన్ ఫిట్', 'జస్ట్ స్కాన్' లాంటి పేర్లతో ఉంటుంది.

మీకు తెలియని చరిత్ర కాదు గానీ గుర్తు చేస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో 5000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు ఇచ్చారు. నడపడం ప్రైవేటు సంస్థలకు కాంట్రాక్టు. గడువు తీరాక చూసే దిక్కు లేక ఎన్నో గదులకు తాళాలు పడ్డాయి. యంత్రాలకేం, వాటికి ఆయుష్షు ఉంది. చిన్న తేడాను సరిచేసే చెయ్యి బడిలో లేకపోవడమే లోటు. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2018 నుంచి అక్కడ 'లిటిల్ కైట్స్' పేరుతో బడి పిల్లల క్లబ్బులే పెట్టి హార్డ్‌వేర్ పనులు కూడా నేర్పిస్తున్నారు. కేబుల్ మార్చడానికి కాంట్రాక్టరు కోసం చూసే పని వాళ్లకు లేదు. మనకూ చేతులకు కొదవేం లేదు. నరసరావుపేటలోనే కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. తెలుగులో లినక్స్ తెచ్చిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లో ఉంది, వాళ్లు పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' కూడా తయారుచేశారు.

కాబట్టి కలెక్టర్ గారూ, మీ సంతకంతో ఒక సర్క్యులర్ వెళ్లనివ్వండి. కంప్యూటర్‌నో మానిటర్‌నో కండెమ్ చేయమని వచ్చే ప్రతి ప్రతిపాదనలో, వేరే కేబుల్‌తో, వేరే మానిటర్‌తో పెట్టి చూశారా, తెర సొంత రిజల్యూషన్ ఎంత, ఇప్పుడు ఎంతలో నడుస్తోంది అన్న వివరం తప్పనిసరి చేయండి. ఆ వివరం లేని కాగితం వెనక్కి పంపించండి. ఇకమీదట కొనే మానిటర్‌కీ సీపీయూకీ ఒకే రకం మూతి ఉండేలా, కన్వర్టర్ అవసరమే పడకుండా టెండర్లో రాయించండి. ఇంజనీరింగ్ పిల్లల్ని ఒక్కో శనివారం ఒక్కో మండలానికి పంపండి. 28 మండలాలు, ఏడాది తిరక్కుండా అయిపోతుంది. అయితే వాళ్లు చేసి వచ్చేయకూడదు, అక్కడి పిల్లల చేత చేయించి రావాలి.

ఈ లేఖలో చెప్పినదంతా ఒక పేజీలో, బొమ్మలతో, తెలుగులో రాసి ప్రతి ల్యాబు గోడకూ అంటించాలి. ఆ పేజీ రాసిపెట్టే పని నేను పెట్టుకుంటాను. మాచర్ల, గురజాల, వినుకొండ ఏ ఊరు రమ్మన్నా నా బ్రష్షూ, కేబుళ్లూ పట్టుకుని వస్తాను. కూలీ అక్కర్లేదు. ముందుగా తుక్కు వేలానికి సిద్ధంగా ఉన్న గదులు చూపించండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇట్లు,
నరసరావుపేట కంప్యూటర్ మెకానిక్ ఒకడు